చిత్రకారుడి కత్తికి బొట్టు పెట్టాను

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఏడిపించడం నాకు సరదాగా ఉండేది. తన దాకా వస్తే గానీ తెలియదంటారు. మాది గుంటూరు. పదేళ్ళుగా పరాయి దేశంలో, సెరంగూన్‌లో ఉంటున్నాం, ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో. ఇది జరిగింది కూడా పట్టపగలే.

నాకున్న పిచ్చి ఒక్కటే, కొండలూ వానా గీసి చనిపోయిన ఒక ఐరిష్ చిత్రకారుడు. ఆయన సంతకం చేసిన బొమ్మల పుస్తకాలు పద్నాలుగు సంపాదించాను. ఆయన టోపీ, కళ్ళజోడు కూడా. దొంగ సంతకాలు పట్టడంలో చేయి తిరిగినవాణ్ణి.

చివరగా దొరికింది ఆయన రంగులు కలిపే కత్తి. నచ్చని బొమ్మల్ని ఎడమ చేత్తో, దాంతోనే చీల్చేసేవాడని అమ్మిన ముసలాయన చెబితే నవ్వాను. అది వెన్న కూడా కోయలేనంత మొద్దుది.

దసరాకు ఆయుధపూజలో లాప్‌టాప్, స్క్రూడ్రైవర్ల పక్కన దాన్నీ పెట్టాను.

"పోయినవాళ్ళ వస్తువు పూజలో ఎందుకండీ? తీసెయ్యండి" అంది మా ఆవిడ సుజాత.

నేను వింటేగా. పసుపు రాసి, తడి కుంకుమతో బొట్టు పెట్టాను. మా తొమ్మిదేళ్ళ పాప నీల కూడా తను గీసిన కొండ బొమ్మ తెచ్చి అక్కడ పెట్టింది.

హారతి కళ్ళకద్దుకోవడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది సుజాత అరుపే.

కత్తి నా ఎడమ చేతిలో ఉంది. ఆ చేత్తో నేను స్పూన్ కూడా సరిగ్గా పట్టుకోలేను. నేలంతా పుస్తకాలు, ప్రతి బొమ్మా కింది నుంచి పైకి చీలి ఉంది. ఎదురుగా నీల తన బొమ్మను గుండెకు హత్తుకుని గోడకు ఆనుకుంది. నా చేయి ఆ బొమ్మవైపే లేస్తోంది. సుజాత మధ్యలోకి వచ్చి కత్తిని అరచేత్తో పట్టుకుంది. ఆ మొద్దు కత్తి ఎముక దాకా దిగింది. రక్తం నా ముఖం మీద చిమ్మింది. అయినా నేను లాగుతూనే ఉన్నాను. ఇప్పటికీ తలచుకుంటే నామీద నాకే అసహ్యం.

నీల బొమ్మను నా ముందుకు చాపింది. చేయి ఆగింది.

సుజాతకు పదకొండు కుట్లు పడ్డాయి. గాజు గ్లాసు పగిలిందని ఆస్పత్రిలో చెప్పింది. నా తలకు స్కాన్లు తీయించాను. ఏ లోపమూ లేదన్నారు.

నీలను అడిగితే ఇక్కడి ఇంగ్లీషు యాసలో ఒకటే చెప్పింది. "దట్ వాజ్ నాట్ యూ లా, నాన్నా. ఆ అంకుల్ నా డ్రాయింగ్ చూపించమన్నాడు. చూపించాను."

చీలకుండా మిగిలింది ఆ బొమ్మ ఒక్కటే. దాని మూలన కుంకుమతో చేసిన ఆ చిత్రకారుడి సంతకం ఉంది. కత్తి మీద నేను పెట్టిన బొట్టు లేదు.

కత్తి, టోపీ, కళ్ళజోడు ఆ ముసలాయనకే తిరిగి ఇచ్చేశాను. నీల ఇప్పుడు నా గదిలోకి ఒంటరిగా రాదు. గుమ్మం దగ్గరే నిలబడి తన బొమ్మ ఇమ్మంటుంది. నేను ఇవ్వడం లేదు.

ఆ సంతకాన్ని భూతద్దంతో ఎన్నిసార్లు చూశానో. దొంగదని తేలితే చాలనుకున్నాను. తేలలేదు.