కొస పట్టిన మధ్యాహ్నాలు

మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే మా దాజీ పేటలో మధ్యాహ్నం నిద్ర ఒక పట్టాన రాదు, వస్తే ఒక పట్టాన పోదు. గోడకు అవతల కార్ఖానాలో పవర్‌లూములు నడుస్తూనే ఉంటాయి. ఆ చప్పుడు మొదట చెవిలో ఉంటుంది, తర్వాత ఒంట్లోకి దిగుతుంది, కాసేపటికి మోగుతున్నది మగ్గమో మన గుండెకాయో తెలియదు. కరెంటు పోయి చప్పుడు ఆగితే పేటంతా ఉలిక్కిపడి లేస్తుంది. ఉయ్యాలలో పిల్లలు కూడా అప్పుడే ఏడుస్తారు. కిటికీలోంచి పడే ఎండలో దూది నుసి తేలుతూ ఉంటుంది. దాన్ని చూస్తూ సగం మెలకువలో, సగం కలలో నేను చాలా మధ్యాహ్నాలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు చెప్పేది కూడా అలాంటి మధ్యాహ్నాల్లో జరిగినదే. కాబట్టి కొంత నేను కలగన్నానేమో అనే అనుమానం నాకూ ఉంది.

మా నాయిన వయసంతా టవళ్లు నేసిన మనిషి. ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. కొన్ని నెలలకు కాలు మాట విన్నది, చెయ్యి వినలేదు. ఎడమ చేత్తో తినడమంటే ఆయన లెక్కలో అది తిండే కాదు. చెంచా ఇస్తే విసిరికొట్టాడు. అందుకని అమ్మే ఆయన్ని లోపలి గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి, జొన్న రొట్టె తుంచి పప్పులో అద్ది తినిపించేది. చుట్టాలు వస్తే ఆకలి లేదని గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయనకు కావలసింది ఒక్కటే, తన చేత్తో రొట్టె తుంచుకుని మా మధ్య కూర్చుని తినడం. అది జరగకపోతే ఈ మనిషి మెల్లమెల్లగా తిండే మానేస్తాడని నాకు భయంగా ఉండేది. అప్పటికే చొక్కాలన్నీ వదులైపోయాయి.

కసరత్తు నేర్పడానికి ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మాయి ఒక పసుపు రబ్బరు బంతి ఇచ్చి, రోజూ కాసేపు పిసకమని చెప్పింది. రోజూ, కాసేపు. ఈ రెండు మాటలూ మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. ఉగాది నాడు, మరాఠీ పద్ధతిలో పేటంతా ఇంటిముందు కర్రకు కొత్తబట్ట కట్టి ‘గుడి’ ఎత్తుతున్న పొద్దున, నాయిన మార్కండేయుడి పటం ముందు నిలబడ్డాడు.

“దసరా లోపట ఈ చేత్తోని రొట్టె తెంపుత. తెంపకుంటే నన్ను అడుగు,” అన్నాడు దేవుడితో.

ఆ రోజు పొద్దుగూకేదాకా పిసికాడు. రాత్రికి చెయ్యి వాచి వణికింది. మర్నాడు పట్టుదల, ఆ మర్నాడు కోపం, వారం తిరిగేసరికి బంతి మంచం కింద నుసిలో పడుకుని ఉంది. ఆరంభశూరత్వం మా వంశంలో ఉన్నది, నేనేం తక్కువ తినలేదు. ప్రతి ఉగాదికీ పొద్దున్నే నడుస్తాను, చాయ్ మానేస్తాను, తెలుగులో రాయడం మొదలుపెడతాను అని ఒట్లు పెట్టుకునేదాన్ని. వేపపూత పచ్చడి గిన్నె కడిగేలోపు అవీ కడుక్కుపోయేవి. అలాంటి నేను ఆయనకు గురువునయ్యాను. ఫోన్లో అలారం పెట్టాను. అది మోగితే ఆయన కళ్లు మూసుకునేవాడు. నిజంగా నిద్రపోయేవాడికి రెప్పలు అంత గట్టిగా బిగుసుకోవు.

“ఆయనను గుంజకు బిడ్డా. గుంజితే దారం తెగుతది,” అనేది అమ్మ, బీడీలు చుడుతూ.

అమ్మ రోజూ మధ్యాహ్నం గడపకు ఇవతల, వెలుగు పడే చోట, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. తడిపి కత్తిరించిన ఆకులో పొగాకు వేసి చుట్టడం, చివర మడవడం, దారం చుట్టడం. ఆమె చేతులకు కళ్లతో పని లేదు. పక్కన చాప మీద నాయిన పడుకునేవాడు. నేను బట్టల దుకాణం పని నుంచి భోజనానికి వచ్చి, మళ్లీ పోయేముందు ఆ గోడకే ఒరిగేదాన్ని. ముగ్గురం ఆ చప్పుడులో తేలుతూ ఉండేవాళ్లం.

ఒక మధ్యాహ్నం నేను కళ్లు తెరిచి చూస్తే, అమ్మ చేతులు ఆగి ఉన్నాయి. అలా ఆగడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె నాయిన కుడిచేతినే చూస్తోంది. నాయిన నిద్రలో ఉన్నాడు. బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. కొంచెం కదిలి, కలిసి, మెలితిప్పినట్టు రుద్దుకుని, విడిపోయి, మళ్లీ వెతుక్కుంటున్నాయి. తెగిన పోగును అతికే పని అది. ఆయన మెలకువగా ఉండగా ఆ వేళ్లు ఒకదానికొకటి అంత దగ్గరగా రావడం మేమెన్నడూ చూడలేదు.

లేచాక అమ్మ మామూలుగా అడిగింది, “కలల ఏం చేసినవ్?”

“కార్ఖానల ఉన్న. లై దారాలు తెగుతున్నయి ఇయ్యాల, లెక్కనే లేదు,” అన్నాడు. కాస్త ఆగి, “కలల చెయ్యి మంచిగనే ఉంటది,” అన్నాడు.

అమ్మకు ఏదో తట్టింది.

మర్నాడు చుట్టిన బీడీలను కట్ట కడుతూ ఆమె దారం కొస ఆయన వైపు చాపింది. “ఇగో, గీ కొస జెర పట్టు. నాకు రెండు చేతులు సాలుతలేవ్.”

పచ్చి అబద్ధం. నా చిన్నప్పటి నుంచీ ఆమె ఒంటరిగా కట్టలు కడుతూనే ఉంది. నాయినకు అది తెలియదా? తెలుసు. సణిగాడు కూడా. అయినా, పెళ్లాం పని చేస్తూ చెయ్యి చాపితే కాదనడం ఆయనకు చేతకాదు. ఎడమ చేత్తో కుడిచేతిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, రెండు వేళ్ల మధ్యకు కొస తీసుకున్నాడు. జారిపోయింది. అమ్మ మళ్లీ ఇచ్చింది. మళ్లీ జారింది. ఆమె తొందరపడలేదు, శభాష్ అనలేదు, అయ్యో అనలేదు. ఆ రోజుకు ఒక్క కట్టకే పట్టించి, బస్ అని చాట పక్కన పెట్టింది. ఇంకా పట్టించొచ్చు కదా అన్నాను, ప్రాణం ఆగక.

“రేపు ఉండదా?” అన్నది అమ్మ.

మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే దాన్ని పూర్తిగా తీసెయ్యరు. కాస్త కొస వదిలి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకే మెలిపెట్టి అతుకుతారు. అప్పుడు పాతది ముందుకు జరుగుతూ కొత్తదాన్ని తనే లాక్కుపోతుంది. అమ్మ మగ్గమున్న ఇంట్లో పుట్టిన మనిషి. నాయిన కసరత్తును ఆమె కొత్తగా ఎక్కడా మొదలుపెట్టలేదు, తన బీడీల మధ్యాహ్నానికి అతికింది. ఈ మాట ఆమె చెప్పలేదు. చాలా రోజులు చూశాక నాకు అర్థమైంది. అర్థమయ్యాక నేనూ ఊరుకోలేదు. దుకాణం నుంచి వచ్చి చాయ్ తాగే వేళ ఎలాగూ ఉంది కదా అని, గ్లాసు కింద పెట్టగానే నాలుగు తెలుగు వాక్యాలు రాయడం మొదలుపెట్టాను. నేను చదివింది మరాఠీ బడి. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పినవి. మొదట్లో నా వాక్యాలు కూడా వేళ్లలోంచి జారిపోయేవి. ఒట్టు మాత్రం పెట్టుకోలేదు.

వానాకాలంలో నాయినకు జ్వరం వచ్చింది. చాలా రోజులు లేవలేదు. అప్పటికి కొస జారకుండా పట్టి, కొంచెం లాగడం కూడా వచ్చింది. అంతా పోయిందనే అనుకున్నాను. నేనైతే మళ్లీ మొదటి నుంచి, మళ్లీ దేవుడి ముందు, మళ్లీ ఏడుపు. జ్వరం తగ్గిన మధ్యాహ్నం అమ్మ ఎప్పటిలాగే కూర్చుని, ఎప్పటిలాగే కొస చాపింది. నిన్ననే ఆపినట్టు. ఆయన పట్టుకున్నాడు. వదులుగానే, కానీ పట్టుకున్నాడు.

దసరా వచ్చింది, జమ్మి ఆకు పంచుకున్నాం, అది కూడా పోయింది. గడువు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. దేవుడూ అడగలేదు. తర్వాత ఒకసారి బీడీ కార్ఖానాకు సెలవొచ్చి, ఆకు రాక అమ్మ చాట తీయలేదు. వంటింట్లో ఏదో సర్దుకుంటోంది. నేను గోడకు ఒరిగి కునుకు తీస్తున్నాను. కాళ్లీడుస్తున్న చప్పుడుకు కళ్లు తెరిస్తే, నాయిన గడప దగ్గర తన చోట కూర్చుంటున్నాడు.

“ఇయ్యాల పని లేదు నాయినా,” అన్నాను.

“ఏమో. నాకు యాదికి లేదు, కాళ్లే వచ్చినయ్,” అన్నాడు. కొంచెం సిగ్గుపడ్డాడు.

అమ్మ బయటికి వచ్చి చూసి, లోపలికి పోయి, ఒక చిక్కుపడ్డ దారం తెచ్చి ఆయన ఒళ్లో పడేసింది. ఆ పూటంతా ఇద్దరూ చిక్కు విప్పుతూ కూర్చున్నారు. ఎండ గడప దాటి వెళ్లిపోయింది. నేను దుకాణానికి ఆలస్యంగా పోయి మాటలు పడ్డాను. ఆ రోజు మాటలు పడటం కూడా బాగానే ఉంది.

తర్వాత చలి మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం. పండుగ కాదు, ఏమీ కాదు. లోపలి గదిలో పెద్ద లైటు పోయిందని అమ్మ నాయినను వంటింట్లోనే కూర్చోబెట్టింది. రొట్టె, పప్పు, పల్లీల పొడి పళ్లెంలో వేసి, మొదటి ముక్క తుంచబోతుంటే పొయ్యి మీద పాలు పొంగాయి. ఆమె అటు పరుగెత్తింది. నాయిన పళ్లెం వైపు చూశాడు. కుడిచెయ్యి మెల్లగా పైకి వచ్చింది. చూపుడువేలు, మధ్యవేలు రొట్టె మీద నొక్కి, బొటనవేలితో గుంజాడు. ఒకసారి రాలేదు. రెండోసారి వంకరటింకర ముక్క ఒకటి చేతికి వచ్చింది. దాన్ని పప్పులో ముంచి నోటిదాకా తెచ్చేసరికి సగం పప్పు చొక్కా మీద పడింది. నమిలాడు. మళ్లీ చెయ్యి పళ్లెంలోకి పోయింది.

అమ్మ పాలగిన్నె దించి వెనక్కి తిరిగి, చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

“ఇంకో రొట్టె ఎయ్యాల్నా?” అని అడిగింది.

ఆయన నోరు నిండా ఉంది, తల ఊపాడు. అమ్మ వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది. ఆ వేళప్పుడు ఎప్పుడూ పనిలో ఉండే చేతులను ఏం చెయ్యాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. నువ్వూ తిను అని నేను పళ్లెం పెట్టి, పొయ్యి దగ్గరికి పోయి రొట్టెలు కాల్చి, నాయినకు ఒకటి వేసి, ఇంకోటి పొంగగానే పెనం మీంచి తీసి ఆమెకు వేశాను. అమ్మ తుంచింది. ఆవిరి తగిలి వేళ్లు విదిలించి, ఊదుకుని, నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుంది. అప్పుడు తెలిసింది నాకు. అంతకాలం ఆయనకు తినిపించి, ఇల్లంతా సర్ది, ఆమె తినే వేళకు రొట్టె చల్లారి బిరుసెక్కి ఉండేది.

నాయిన తన పళ్లెంలో మెల్లమెల్లగా తింటూనే ఉన్నాడు. అమ్మ తన ఖాళీ పళ్లెం నా వైపు జరిపింది.

“ఇంకోటి ఎయ్యి బిడ్డా,” అన్నది.