గుక్క టీచరు

పోయే ముందురోజు సాయంత్రం మా పిన్ని చేసిన ఆఖరి పని, నా చేతిలోని టీ కప్పు లాక్కుని ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువైంది" అని తీర్పు చెప్పడం. ఎదుటివాళ్ల కప్పులోది రుచి చూడనిదే ఆవిడకు పూట గడిచేది కాదు.

మా బడిలోనే సైన్సు చెప్పేది. మా నీళ్ల సీసాలు, గుమస్తా టీ, తనిఖీకొచ్చిన అధికారి నిమ్మరసం, ఆవిడ గుక్కకు ఎదురు లేదు. గుక్క టీచరని పేరు పెట్టుకున్నాం. హెడ్మాస్టరు తలుపు గడియపెట్టుకుని కాఫీ తాగేవాడు. పిన్ని కిటికీలోంచి చెయ్యి చాచేది.

హెచ్‌ఐవి పాఠం వస్తే మిగతా టీచర్లు "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేసేవారు. పిన్ని మాత్రం తలుపులు బార్లా తీసి, జాగ్రత్త లేని కలయిక, కండోమ్, ఒకరికి వాడిన సూది, తల్లి నుంచి బిడ్డకు సోకడం, అన్నీ కూరగాయల పేర్లు చెప్పినంత తేలిగ్గా చెప్పేది. తల వంచుకున్నవాళ్లను లేపి మళ్లీ చెప్పించేది.

ఒకసారి మా తరగతిలో ఎవరికో ఆ జబ్బుందని పుకారు లేచింది. తల్లిదండ్రులు గుంపుగా వచ్చిపడ్డారు. ఆ బిడ్డెవరో చెప్పి బడి మాన్పించాలని, లేదంటే తమ పిల్లల్ని తీసుకుపోతామని పట్టుబట్టారు. హెడ్మాస్టరు పిన్నికి కబురు పెట్టాడు. పిన్ని మా సీసాలన్నీ బల్ల మీద పెట్టించి, అలవాటు ప్రకారం ఒక్కోదాంట్లో ఒక్కో గుక్క తాగింది.

"ఏడాదిగా వీటన్నిట్లో తాగుతున్నాను. ఎవరిదో నాకు తెలుసు, చెప్పను. ఎంగిలితో రాదమ్మా ఆ జబ్బు, పక్కన కూర్చుంటే రాదు. ఎలా వస్తుందో మీ పిల్లల్నే అడగండి."

లేచి నిలబడి గడగడా ఒప్పజెప్పాం. నాన్నలు పైకప్పు చూశారు, అమ్మలు గోళ్లు చూసుకున్నారు. అంత గర్వంగా నేను మరే పాఠమూ అప్పజెప్పలేదు. ఆ ఏడు ఒక్కరూ బడి మానలేదు.

పిన్ని పోయాక పరామర్శకు వచ్చినవాళ్లలో నాతో చదివినామె ఒకరు, ఇప్పుడు తనూ టీచరే. బాబాయి పక్కన కూర్చుని, "ఆ సీసాల్లో ఒకటి నాదండీ" అంది. మందులు వేసుకుంటూ నిక్షేపంగా ఉందట. వాళ్లమ్మ వచ్చి రహస్యంగా చెప్పిన మర్నాడే టీచరు మొట్టమొదటిసారి తన సీసా ఎత్తి తాగిందట. తననొక్కదాన్నే ఏరి చూపినట్టు ఉండకూడదని ఆ వెంటనే వరసలో అందరివీ తాగిందట.

బాబాయి నవ్వాడు.

"అదా సంగతి. లోకంలో అందరివీ తాగి నా కప్పు మాత్రం ముట్టదేమిటా అనుకునేవాణ్ణి. పెళ్లైన కొత్తలోనే చెప్పింది, ఎంగిలంటే తనకి కడుపులో తిప్పుతుందని."