దూడకు మూడు పేర్లు

మా పక్కింటి హోనొరీన్‌కు ఫ్రెంచి అంటే ఆదివారం చెప్పుల లాంటిది. బయటివాళ్లు ఎదురైతే తొడుక్కునేది. విప్పేదాకా కరుస్తూనే ఉండేది. పొలంలో, పొయ్యి దగ్గర మాట్లాడేది మా కొండ మాట. చిన్నప్పుడు బడిలో ఆ మాట నోట వస్తే పంతులు చేతుల మీద కొట్టేవాడు. అది భాష కాదు, చెడిపోయిన ఫ్రెంచి అని ఆమెలో అప్పుడే నాటుకుపోయింది. నోరు మూత పడకుండా బతికిన మనిషి, ఎవరడిగినా "నాకు భాష రాదండీ" అనేది.

ఆ చలికాలం, అవతలి దేశంలో యుద్ధం ఓడి, సరిహద్దు కొండలు దాటి వచ్చిన కతలాన్ మనుషులను మా పల్లెల్లో పనికి పెట్టారు. హోనొరీన్ ఇంటికి ఎవుదాల్ద్ వచ్చాడు, పశువుల మధ్య పెరిగినవాడు. పరాయి దేశపువాడు కదా అని ఆమె ఫ్రెంచి తొడుక్కుంది. ఇది ఫ్రాన్సు కదా అని అతనూ శరణార్థుల శిబిరంలో ఏరుకున్న ఫ్రెంచి ముక్కలనే పట్టుకు వేలాడాడు.

"అయ్యా, తమరు... సూపు... భుజింతురా?"

"అవును, అమ్మగారూ. నేను... మంచి సూపు అయి ఉన్నాను."

గోడకు ఇవతల మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం.

మార్చిలో ఒక ఉదయం ఆమె ఒక్కగానొక్క ఆవు పొమెలాకు నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నమైనా దూడ రాలేదు. ఒక కాలే బయటికి కనిపిస్తోంది. పశువుల డాక్టరుండే ఊరి దారి మంచులో మునిగిపోయింది. ఆవు పోతే హోనొరీన్‌కు పాలు లేవు, జున్ను లేదు, రేపు లేదు.

ఎవుదాల్ద్ చొక్కా విప్పి, చేతికి నూనె రాసుకుని, ఫ్రెంచిలో ఏదో అడిగాడు. ఆమెకు అర్థం కాలేదు. జవాబుకు ఆమె ఫ్రెంచి వెతుక్కుంటూ ఉండగానే పొమెలా మోకాళ్ల మీద కూలింది. అంతే, హోనొరీన్ నోట్లో కొండ మాట కట్ట తెగింది.

"ఒరే నాయనా, లాగబాకురా! రెండో కాలు మడతపడింది. ముందు దూడను లోపలికి నెట్టు!"

అతను చటుక్కున తలెత్తి చూశాడు. తన కతలాన్ మాటలోనే అరిచాడు:

"నెడతన్నానే అమ్మా! తాడియ్యి, తాడు! దాని తల పట్టుకో, కదలనీకు!"

ఆమె తాడు అందించింది. ఆమె ఒక భాషలో చెబుతోంది, అతను ఇంకో భాషలో బదులిస్తున్నాడు. మధ్యలో ఒక్క మాటా కింద పడలేదు. ఆశ్చర్యపోయే తీరిక ఇద్దరికీ లేదు.

దూడ గడ్డి మీదికి జారింది. ఒంటి నుంచి పొగమంచులా ఆవిరి లేచింది. ఎవుదాల్ద్ దాని ముక్కులో గడ్డిపోచ తిప్పాడు. దూడ తుమ్మింది. పొమెలా మెడ తిప్పి నాకడం మొదలుపెట్టింది. హోనొరీన్ గడ్డిలోనే కూలబడి, ఏడుస్తూ నవ్వింది.

"మీ ఊళ్లో దీన్నేమంటార్రా?"

"బదెల్."

"మేం బెదెత్ అంటాం."

"ఫ్రెంచివాళ్లేమో ఉత్త 'వో' అంటారు!"

"సగం మింగేశార్రా వాళ్లు! ఇన్నాళ్లూ చెడగొట్టింది మేమే అనుకున్నా."

తర్వాత మా చర్చి ఫాదర్ చెప్పాడు: లాటిన్‌లో చిన్న దూడ వితెల్లుస్ అట. రోమనులు వదిలి వెళ్లిన ఆ మాట అనే గులకరాయిని ఒక్కో లోయలో ఒక్కో వాగు తనకు నచ్చినట్టు నునుపు చేసుకుంది.

మంచు కరిగాక ఎవుదాల్ద్ వివరాలు రాసుకోవడానికి పట్నం నుంచి గుమాస్తా వచ్చాడు. దుబాసీని పిలిపించాలా అని అడిగాడు.

హోనొరీన్ అతని ముందు పాలగ్లాసు పెట్టింది.

"ఎందుకండీ? మాకు భాష వచ్చు."