బోర్లించిన ముంత

నా చిన్నప్పుడు, హుజూరాబాద్ దగ్గర మా వాడలో పంచాయితీ కూర్చుందంటే మధ్యలో కల్లు కుండ ఉండాల్సిందే. పంచాయితీకి పిలిచినవాళ్లే కల్లు తేవాలి. మేము క్రైస్తవులమై, పెంకుల గుడి కట్టుకున్నాక కూడా ఆ ఆనవాయితీ పోలేదు. ఆదివారం ప్రార్థన చేయించే సంఘ పెద్దే మిగతా రోజుల్లో తగువులు తీర్చేవాడు. మంచి మనిషే.

మా బాపు, అంటే నాన్న, చనిపోయిన ఏడాది, మేముంటున్న ఇల్లు తనదని ఆయన అన్న, మా పెద్దబాపు, పంచాయితీ పెట్టాడు. ఆ గోడలకు మట్టి మోసింది తానేనన్నాడు. అందులో అబద్ధం లేదు. కానీ ఆ ఇల్లు పోతే నన్ను కన్న అవ్వకూ నాకూ తల దాచుకునే చోటు లేదు.

శనివారం మధ్యాహ్నం గుడి ముందు వేపచెట్టు కింద కూర్చున్నారు. మరదలు తల్లిగారింటికి పోతే ఏ ఇబ్బందీ ఉండదని పెద్దబాపు చెప్పాడు. అవ్వ నన్ను పక్కన నిలబెట్టుకుని, తనకు తల్లిగారిల్లే లేదని, ఆ నీడ ఒక్కటి ఉంటే కూలి చేసైనా నన్ను చదివించుకుంటానని చెప్పింది. ఆమె మాట్లాడుతుండగానే ముంతలు చేతులు మారుతున్నాయి. పొద్దు వాలేవేళకు సంఘ పెద్ద తీర్పు చెప్పాడు. ఇల్లు పెద్దబాపుకు. అవ్వ తల్లిగారింటికి పోవాలి.

అవ్వ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగింది.

గుడి అరుగు మీద బియ్యం చెరుగుతున్న సంఘ పెద్ద తల్లి చేట పక్కన పెట్టి లేచి వచ్చింది. వాడంతా ఆమెను ముసలవ్వ అనేవారు.

“కొడుకా, గీ పిల్ల ఏం చెప్పింది? జర నాకు చెప్పు.”

“తల్లిగారింటికి పోతనన్నది గదనే అవ్వా.”

“గది చెప్పింది దాని బావ. దానికి తల్లిగారిల్లే లేదు. ముంత మొకం జూసినవ్ గని, పిల్ల మొకం జూసినవా?”

“ముసలవ్వకు సుత ఒక ముంత పొయ్యుండ్రి, నోరు మూస్తది,” అన్నాడొకడు. అందరూ నవ్వారు.

“పొయ్యుండ్రి బిడ్డా, తాగుత. నేనేమన్న తీర్పు చెప్తున్ననా?”

నవ్వు ఆగిపోయింది. ఏలేవాడు తాగితే దిక్కులేనివాళ్ల న్యాయం మరిచిపోతాడని ఒక తల్లి రాజైన తన కొడుకును హెచ్చరించిన బైబిలు వాక్యం ఆమె కొడుకుకు గుర్తుచేసింది. ఆమెకు చదువు రాదు. “పోయిన ఐతారం నువ్వే చదివితివి గదరా,” అని, ఒక ముంతను మధ్యలో బోర్లించింది. “రేపు గుడి గంట కొట్టకముందు, ఉట్టి కడుపుతోని కూసోండ్రి.”

మర్నాడు పొద్దున సంఘ పెద్ద మొదట అవ్వ మాటను, తర్వాత పెద్దబాపు మాటను వాళ్లకే తిరిగి అప్పజెప్పి, “గిదేనా?” అని అడిగాడు. ఇద్దరూ ఔనన్నాకే తీర్పు చెప్పాడు. ఇల్లు మాకు. మట్టి మోసిన కష్టానికి పెరట్లోని చింతచెట్టు కాపు పెద్దబాపుకు. ఆయన కాసేపు గొణిగినా, సాయంత్రం వచ్చి మా చూరులో జారిన పెంకులు సర్ది వెళ్లాడు.

సంఘ పెద్ద తాగడం మానాడో లేదో నాకు తెలియదు. ఆ తర్వాత ప్రతి పంచాయితీలోనూ ముంత మాత్రం బోర్లించే ఉండేది.

ఆ ఇంట్లోనే చదువుకుని నేను పంతులమ్మనయ్యాను. ఇప్పటికీ ఎవరితోనైనా మాటపట్టింపు వస్తే, రాత్రి డైరీలో ముందు అవతలివారి మాట రాస్తాను, వాళ్లు చదివితే ఔననేలా. నా మాట ఆ తర్వాతే. చాలాసార్లు అది రాయవలసిన అవసరమే ఉండదు.