ఏ వరసని ఏడవను

నాకు సంతకం వరకే చదువు. ఇదంతా నేను చెబుతుంటే మా ఊరి టీచరమ్మ రాస్తోంది. కథని ఆవిడ భాషలోకి సర్దుకోనిచ్చాను గానీ, మేం ఆడుకున్న మాటలు సర్దబోతే వద్దన్నాను.

తొంభైల్లో సంగతి. మా ఆయన పోయాక ఆదివారం మధ్యాహ్నాలు టీచరమ్మ అరుగు మీదే గడిపేదాన్ని. ఆవిడ అరకు సంతలో వారపత్రిక కొని తెచ్చేది. నేనూ, మా తోటికోడలూ, పక్కింటి ముసలమ్మా రాజ్మా కాయలు వలుస్తుంటే సీరియల్ చదివి వినిపించేది. నీళ్ళ అడుగున ఒక రాజ్యం, అందులో తల్లి లేని పిల్ల, ఆ పిల్ల కోసం పొగలా తిరిగే మాంత్రికుడు. ఇంటికెళితే పలకరించే దిక్కు లేని నాకు వారమంతా ఆ పిల్లే తోడు. కాఫీ పళ్ళు కోస్తూ, ఇప్పుడేం చేస్తోందో అనుకునేదాన్ని.

ఒక ఆదివారం మాంత్రికుడు ఆ పిల్లను గుహలో పెట్టి మూసేశాడు. చదువుతూ చదువుతూ టీచరమ్మ ఆగింది. కింద నల్లగీతల మధ్య రెండు ముక్కలున్నాయట. రాసినాయన చనిపోయాడు, కథ ఇంతటితో ఆగిపోయింది అని.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మా వైపు ఏడుపంటే ఊరికే కన్నీళ్ళు కార్చడం కాదు. పోయినవాళ్ళను వరస కలిపి పిలిచి, చేసిన మంచి చెప్పుకుని ఏడవాలి. నోరు తెరిచాను. ఏమని పిలవాలో తెలియలేదు.

మా తోటికోడలు నా తడబాటు పట్టేసింది. "ఏ వరసని ఏడుత్తావే? ఆయన్ని ఎప్పుడైనా సూసినావేటి?"

"సూడకపోతే ఏటి? ఇన్నాళ్ళూ మనకి కథ సెప్పినాడు కాదా?"

"అయితే మావా అని ఏడువు," అంది పక్కింటి ముసలమ్మ, బోసినోటితో నవ్వుతూ.

"నీకు కావాలంటే నువ్వేడువు మావా అని. ఆయన కథలో గుంట నాకు కూతురు లెక్క."

"కూతురైతే ఆయన నీ మొగుడే కదేటే!"

అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ వదల్లేదు. ఏడవకుండా ఇంటికెళ్ళేది లేదనుకున్నాను.

"కూతురు కాదు, మేనకోడలు. మేనకోడల్ని కన్నోడు నాకు అన్న. అవునా, కాదా?"

తోటికోడలు వేళ్ళు మడిచి వరస చూసుకుంది. సరిపోయిందంది.

"ఓ అన్నా!" అని అందుకున్నాను. ఆయన చూపించిన కోటలూ, ఎగిరే పడవలూ, మమ్మల్ని నవ్వించిన రోజులూ ఒక్కొక్కటే చెప్పి ఏడ్చాను. తోటికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ ఏడ్చింది. ముసలమ్మ అయితే నాకంటే పెద్ద గొంతు తీసింది.

తరవాతి ఆదివారం టీచరమ్మ వేరే కథ తీసింది. నేను ఆపాను.

"గుంట గుహలోనే ఉన్నాది. అన్న పోతే మేనత్త సూసుకోవాల. నాను సెప్తాను."

"కథ చెప్పడం నీకు వచ్చా?" అంది టీచరమ్మ.

"రాదు. సెప్తాను."

కాయలు వలుస్తూ మొదలుపెట్టాను. కోపం మీద ఉన్నానేమో, నాలుగు మాటలకే మాంత్రికుడి పీక నొక్కేశాను.

తోటికోడలు కసిరింది. "అంత బేగి సంపీసినావేటే? వచ్చే వారం ఏటి సెప్తావు?"

"ఉండు," అన్నాను. "మళ్ళీ బతికిత్తాను."