రిజల్టు రోజు ఫోన్లు

ఆ రోజుల్లో ఇంటర్వ్యూ అంటే మనల్ని మనం ఇంగ్లీషులో పొగుడుకోవడమే అనుకునేదాన్ని. గ్రూప్స్ రాసి రాసి అలసిపోయి, అశోక్ నగర్‌లో నేనుంటున్న లేడీస్ హాస్టల్లోనే ఆఫీసు పనికి కుదిరిన నాకు, పొగుడుకోవడానికి ఏముందో తెలిసేది కాదు. రిజల్టు వచ్చిన రోజు తప్పిన అమ్మాయిలంతా సెల్‌ఫోన్లు ఆపేసి దుప్పట్లలో దూరేవారు. ఊళ్ళ నుంచి అమ్మానాన్నలు హాస్టల్ నంబరుకు చేసేవారు. ఓనరు ఆంటీ (కాకినాడావిడ, చెడు కబురు చెప్పాలంటే చెమటలు పట్టేవి) "నువ్వు చెప్పమ్మా, నీ గొంతు మెత్తగా ఉంటుంది" అని ఫోన్ నా చేతిలో పెట్టేది. మొదటిసారి ఒక తండ్రికి నెమ్మదిగా చెబుదామని, "మీ బిడ్డ మంచిగనే ఉన్నది, పొద్దున ఉప్మా తిన్నది, మీరు జర కూసొని వినుండ్రి" అంటూ ఎంత చుట్టు తిప్పానంటే, ఆయన "పిలగాడెవలమ్మా, మనోళ్ళేనా?" అన్నాడు. పరీక్ష తప్పిందంతే అంటే, "గంతేనా" అని ఊపిరి పీల్చుకున్నాడు. హాస్టలంతా పడీపడీ నవ్వింది. అప్పటినుంచి ముందు విషయం చెప్పేసి, వాళ్ళు తేరుకునేదాకా ఊరుకోవడం నేర్చుకున్నాను.

ఆ పని చేస్తూనే రాసిన నా చివరి పరీక్ష రిజల్టు రోజూ ఆ కుర్చీలోనే ఉన్నాను. ఫోన్ ఎత్తితే మా నాన్న. నా సెల్ కలవక హాస్టల్‌కు చేసి, నా పేరు చెప్పి ఏమైందని అడిగాడు. నా నోట్లోంచి ఆఫీసు గొంతే వచ్చింది.

"మీ బిడ్డకు రాలేదండి. ఏమనకుండ్రి."

"నేనేమంటనమ్మా. అన్నం తిని పండుకొమ్మని చెప్పు" అన్నాడు. నన్ను గుర్తుపట్టాడో లేదో నేనడగలేదు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

ఆ తర్వాత నారాయణగూడలో ఒక ఆసుపత్రి నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. చిక్కడపల్లి పొడుగునా "ఐ యామ్ హార్డ్ వర్కింగ్" అని పైకే వల్లిస్తూ నడిచాను. (అరటిపళ్ళమ్మే ఆమె "పానం మంచిగ లేదా బిడ్డా?" అని అడిగింది.) అక్కడ మేడమ్ నా బట్టీ సగంలోనే ఆపి, "అవి అందరూ చెప్తారు. నువ్వు హాస్టల్లో ఏం చేసేదానివి?" అంది.

"తప్పినోళ్ళ ఇంటోళ్ళకు ఫోన్లో చెప్పేదాన్ని మేడమ్."

ఉప్మా సంగతి చెబితే నవ్వింది. నాన్న సంగతి చెబుతుంటే నీళ్ళ గ్లాసు నావైపు జరిపింది. "ఆపరేషన్ గది బయట కూర్చునేవాళ్ళతో మాట్లాడే మనిషి కావాలి మాకు. సోమవారం వచ్చెయ్" అంది.

ఉద్యోగం వచ్చిందన్న సంతోషం కన్నా, అంత ఇంగ్లీషూ వృథా అయిందన్న బాధతోనే తిరిగొచ్చాను. తనకేం చేతనవుతుందో ఇంకా తెలియని ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా.