చెప్పులు విడిచే పాఠం

మా భూగోళం సారు మంగళవారం ఉదయం ఆరున్నరకు మహారాష్ట్ర రాజురాలోని తన ఇంట్లో పోయారు. గుండె ఆగింది. అప్పుడాయన కుర్చీలోనే ఉన్నారు.

ఆ కుర్చీ గురించి ఆయన భార్య ఎన్నోసార్లు అన్న మాట ఒకటుంది: "ఖండాలు కదిలినయంటడు. ఈయన మాత్రం కుర్చీల నుంచి కదలడు."

సారు మరాఠీ బడిలో పాఠం మరాఠీలో చెప్పి, మాలాంటి తెలుగు పిల్లలకు వరండాలో మళ్లీ తెలుగులో చెప్పేవారు. ఒకరోజు నేను ఆలస్యంగా వెళ్తే, "హిందుస్తాన్ ఏడాదికి రెండంగుళాలు నడుస్తదిరా. నీకంటె నయం," అన్నారు. రిటైరయ్యాక కూడా ఏటా తొమ్మిదో తరగతికి ఖండాల చలనం పాఠం ఒక్కటి మాత్రం ఆయనే వెళ్లి చెప్పేవారు. చేతిలో ఒక రాయి ఉండేది.

అరచేయంత నల్లరాయి. మీద నాలుక ఆకారంలో ఆకు అచ్చు. బల్లార్‌పూర్ బొగ్గు గనిలో పనిచేసే బావమరిది దాన్ని తెచ్చి తన అక్కకిచ్చాడు. రాతిలో ఆకు కనిపించేసరికి ఆమె దేవుడి గూట్లో పెట్టి కుంకుమ పెట్టారు. సారు బడి నుంచి వచ్చేలోపు పూజ కూడా అయిపోయింది.

సారు లెక్కలో అది గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకు. వయసు పాతిక కోట్ల ఏళ్ల పైనే. అదే ఆకు ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో, అంటార్కిటికాలో దొరికింది. దాని గింజలు సముద్రాలు దాటేవి కావు. కాబట్టి ఆ నేలలన్నీ ఒకప్పుడు కలిసి ఉండాలి. అలా కలిసి ఉన్న నేలకు పెట్టిన పేరు గోండ్వానా, మన గోండుల పేరు మీదే. "అంటార్కిటికా దాంక మన పేరే. మన ఊరికి మాత్రం బస్సు టైముకు రాదు," అనేవారు.

రాయిని బడికి పంపడానికి సారు భార్య షరతు ఒక్కటే: అది ఉన్న గదిలో చెప్పులుండకూడదు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి కూడా బూట్లు విప్పాల్సి వచ్చింది. ఆయన మేజోడుకు బొటనవేలి దగ్గర చిరుగు. ఆ రోజు తెలుసుకున్నవాటిలో రెండింటిని మా తరగతి మర్చిపోలేదు: అంటార్కిటికాలో బొగ్గు ఉండటం, ఆ బొటనవేలు.

ఆకు కనబడాలని సారు పాత బ్రష్షుతో కుంకుమ తుడిచేవారు. సాయంత్రం ఆమె మళ్లీ పెట్టేవారు. దాని మీద వాళ్లు పోట్లాడుకోగా ఎవరూ వినలేదు.

ఆదివారం నేను పరామర్శకు వెళ్లినప్పుడు బడి నుంచి కొత్త భూగోళం టీచరమ్మ వచ్చింది. పాఠం దగ్గర పడింది, రాయి ఇస్తారా అని మెల్లగా అడిగింది. మైలలో దేవుడి గూడు తెరవరని చుట్టాలు అడ్డుపడ్డారు. ఆయనే లేనప్పుడు రాయి ఇక ఇల్లు కదలకూడదని ఒక పెద్దాయన తేల్చేశాడు.



"మైల పోయినంక నేనే తెస్త," అన్నారు సారు భార్య. "గిన్నేండ్లు దానికి దండం పెట్టిన. దాని గురించి ఆయన పోరగాండ్లకు ఏం చెప్తుండెనో ఒక్కనాడు గూడ వినలె."

కర్మ కాగానే గడప దాటుతారా అని చుట్టాలు అడిగారు. బడికే గదా అన్నారామె. టీచరమ్మ కుంకుమ సంగతి ఎలా ఎత్తాలో తెలియక నసుగుతుంటే ఆమే అందుకున్నారు.

"ఆకు కనబడాలె గద, బిడ్డా. ఆ బ్రష్షు ఏడ పెట్టిండో ఎరికే. తుడిచే తెస్త."

వచ్చే శుక్రవారం కర్మ. సోమవారం పదకొండు గంటలకు తొమ్మిదో తరగతిలో పాఠం. మొదటి బెంచీలో ఆమెకు చోటు ఉంచుతారు. చెప్పులు బయటే విడవాలి.